డైనింగ్ టేబుల్ మీద లిండెన్‌ఫుర్ట్

డైనింగ్ టేబుల్ మీది ఊరిని ఎప్పుడు ఖాళీ చేస్తారన్న గొడవ ఆ బుధవారానికి పంతొమ్మిదో రోజుకు చేరింది. అప్పటికి ఇద్దరి వాదనలూ ఇద్దరికీ కంఠతా వచ్చేశాయి. ఒకరు మొదలుపెడితే రెండోవారు ఇడ్లీ నములుతూ తల ఊపితే సరిపోయేది.

శ్యామలాదేవి వాదన సూటిగా ఉండేది. ఫిల్మ్ నగర్‌లోని ఆ ఇంట్లో సోఫా ఒక జమీందారు కథలోంచి వచ్చింది. గోడ గడియారానికి లోపల యంత్రం లేదు. అద్దాల బీరువాలో పుస్తకాలకు అట్టలే తప్ప కాగితాలు లేవు. పూజగది తలుపు ఒక భక్తి సినిమాలో గర్భగుడికి వేసింది. భర్త చలపతిరావు ఆర్ట్ డైరెక్టరు కావడంతో ముప్పై అయిదేళ్లుగా ఆమె, షూటింగ్ అయ్యాక విప్పేసిన సెట్లలో మిగిలినదాంతోనే కాపురం చేస్తోంది. కొట్టుకు వెళ్లి, చేత్తో తట్టి చూసి, తనంతట తాను ఎంచుకున్న వస్తువు ఆ ఇంట్లో ఒక్కటే. అది ఎనిమిది మంది కూర్చునే టేకు డైనింగ్ టేబుల్. ఇప్పుడు దాని మీద జర్మనీ దేశపు ఊరొకటి కూర్చుంది. మనుషులు కింద కూర్చుని తింటున్నారు.

చలపతిరావు వాదన ఇంకా సూటిది. ఇంకో నాలుగు రోజులు ఓపిక పట్టమనేవాడు. మొదటి రోజూ ఆ నాలుగు రోజులే అడిగాడు.

"నాలుగు రోజుల సంగతి సరే, గిన్నెలు తోమే పచ్చ పీచు ఏమైంది?" అంది ఆ ఉదయం శ్యామలాదేవి. "మొన్న డజను తెచ్చాను. ఒక్కటీ లేదు."

చలపతిరావు నదికి అవతలి ఒడ్డు చూపించాడు. పీచు ముక్కలన్నీ అక్కడ పార్కుల్లాగా, చెట్లలాగా మొలిచి ఉన్నాయి.

నిజానికి ఆమెకు టేబుల్ గురించి ఉన్న బాధ కంటే ఊరి గురించి ఉన్న భయమే ఎక్కువ. నాలుగేళ్లుగా ఆయన చేతిలో సినిమా లేదు. పెద్ద సెట్టు పని వస్తుందనుకున్నప్పుడల్లా అది కంప్యూటర్లోకి వెళ్లిపోయేది. కొడుకు నాగసాయి పనిచేసేది కూడా జూబ్లీహిల్స్‌లో అలాంటి గ్రాఫిక్స్ ఆఫీసులోనే. ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు. అలాంటి సమయంలో రిత్విక్ అనే కుర్ర దర్శకుడు వచ్చాడు. అతని కథలో సగం లిండెన్‌ఫుర్ట్ అని తను కల్పించుకున్న ఒక చిన్న జర్మన్ నదీతీరపు ఊళ్లో జరుగుతుంది. హీరోకు విదేశం వెళ్లే తీరిక లేకపోవడంతో, ఊరిని నగరం బయట ఒక చెరువు పక్కన కట్టాలనుకున్నారు. ముందు నమూనా చేసి చూపించాలి. అది నచ్చితే సెట్టు, నచ్చకపోతే గ్రాఫిక్స్. నిర్మాత వెంకటరామయ్య మనసు ఇప్పటికే సగం గ్రాఫిక్స్ వైపు ఉంది.

చలపతిరావు ఎప్పుడూ జర్మనీ చూడలేదు. రిత్విక్ పంపిన నలభై ఫొటోలు ముందు పెట్టుకుని థర్మోకోల్, సన్‌బోర్డ్, పలచటి చెక్కలతో నలభై రెండు ఇళ్లు కట్టాడు. గోడల మీద అడ్డకర్రలు పైకే కనిపించే ఇళ్లు, ఏటవాలు ఎర్ర పెంకులు, సన్నటి శిఖరంతో చర్చి, రాతి వంతెన. ప్రతి ఇంట్లో గోరంత బల్బు పెట్టాడు. రోజూ సాయంత్రం ఆరింటికి స్విచ్ వేసి, కాఫీ గ్లాసుతో ఊరి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసేవాడు.

రిత్విక్ ఆ బుధవారమే పదకొండింటికి వచ్చాడు. రెండేళ్లు జర్మనీలో చదువుకుని వచ్చిన మనిషి. టేబుల్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు, కిటికీల్లోకి తొంగి చూశాడు, ఫొటోలు తీసుకున్నాడు. చాలా బాగుందన్నాడు. ఆ 'చాలా బాగుంది'కి అర్థమేమిటో వంటింటి గుమ్మంలో నిలబడ్డ శ్యామలాదేవికి తెలిసిపోయింది. పరీక్ష తప్పిన పిల్లవాడి దస్తూరిని తను కూడా అలాగే మెచ్చుకునేది. ఆమె శ్రీనగర్ కాలనీలో ఒక స్కూల్లో ఇరవై ఆరేళ్లు సోషల్ చెప్పి, కిందటేడే రిటైరయింది.

"సర్, పనితనం సూపర్. కానీ ఇది ఊరిలా లేదు సర్, సెట్టులా ఉంది. ఎందుకో నాకూ తెలియట్లేదు," అన్నాడు చివరికి రిత్విక్. శనివారం నిర్మాతను తీసుకొస్తానని, ఆ రోజే ఏదో ఒకటి తేలిపోతుందని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఆరయింది, ఆరున్నర అయింది. ఊళ్లో దీపాలు వెలగలేదు. శ్యామలాదేవి పీచు గొడవ మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్న హాలు ఊడుస్తున్న మల్లమ్మ టేబుల్ దగ్గర చీపురు ఆపింది. రహమత్ నగర్ నుంచి వచ్చి ఆ ఇంట్లో తొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. ఊరి గురించి అప్పటిదాకా ఒక్క మాట అనలేదు, దుమ్ము దులపనిస్తారా అని తప్ప.

"సారూ, గీ గుడి గింత కిందికి కట్టిండ్రేంది?" అంది చర్చిని చూపించి. "గంగ పొంగితే దేవుడు మునగడా?"

చర్చి నీడ నీళ్లలో పడితే ఫ్రేము బాగుంటుందని చలపతిరావు చెప్పాడు. మల్లమ్మకు ఆ జవాబు నచ్చలేదు. తమ గల్లీ పల్లంలో ఉంటుందని, గట్టి వానపడితే ఇంట్లోకి నీళ్లొస్తాయని, వచ్చినప్పుడల్లా తన మొగుడు భిక్షం నీళ్లు ఎంతదాకా వచ్చాయో గోడ మీద బొగ్గుతో గీత గీస్తాడని చెప్పింది. ఇప్పటికి మూడు గీతలున్నాయట. ఇల్లుగలాయన సున్నం వేయించుకోమంటే ఆమె ఒప్పుకోవడం లేదట.

"ఎందుకు వేయించుకోవు?" అంది శ్యామలాదేవి.

"గీత లేకుంటే బియ్యం డబ్బా ఎంత మీద పెట్టాల్నో ఎట్ల యాదుంటదమ్మా?"

మల్లమ్మ మళ్లీ ఊడవడంలో పడింది. శ్యామలాదేవి మాత్రం కుర్చీ లాక్కుని, పంతొమ్మిది రోజుల్లో మొదటిసారి, ఆ ఊరిని తన టేబుల్ మీది చెత్తలా కాకుండా ఊరిలా చూసింది. చూసేకొద్దీ ఎనిమిదో తరగతి పేపరు దిద్దుతున్నట్టే అనిపించింది. నది స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. రెండు ఒడ్లూ ఒకే ఎత్తు. నీళ్లలోకి మెట్లు. ఇళ్లన్నీ క్లాసులో బెంచీల్లాగా ఒకే వైపు తిరిగి కూర్చున్నాయి.

"ఏమండీ, ఈ ఊళ్లోవాళ్లు ఏం చేసి బతికారు?"

"హీరోయిన్ నాన్నకి బేకరీ ఉంది."

"మిగతావాళ్లు?"

"మిగతావాళ్లు జూనియర్ ఆర్టిస్టులు."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే ఆయన లేచి వెళ్లిపోతాడని ఆపుకుంది. "మీరు కట్టింది నది కాదు, మన పాలకొల్లు కాలవ. చుట్టూ జర్మన్ ఇళ్లు పెట్టారంతే. నది ఇంత తిన్నగా పోదు. వంపు తిరుగుతుంది. బయటి ఒడ్డుని కోసేస్తుంది, లోపలి ఒడ్డున మేట వేస్తుంది. మనుషులు చూసి చూసి ఆ లోపలి ఒడ్డునే ఇల్లు కట్టుకుంటారు."

"ముప్పై అయిదేళ్లలో నా సెట్టుకి భూగోళం అడిగినవాడు లేడు, శ్యామలా."

"వాళ్లెవరూ అక్కడ రెండేళ్లు ఉండలేదు. ఈ అబ్బాయి ఉన్నాడు."

చలపతిరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అసలు చిక్కు బయటపెట్టాడు. వెంకటరామయ్య గారు దిక్సూచి చూడకుండా ఏ సెట్టులోనూ అడుగుపెట్టరు. ముహూర్తం షాట్‌లో హీరో తూర్పు గుమ్మంలోంచి బయటికి రావాలి, నీళ్లు ఈశాన్యాన ఉండాలి. అది తప్పితే కొబ్బరికాయ కూడా కొట్టరు.

"హీరో ఒక్కడే కదా. ఊరు ఊరంతా ఎందుకు తూర్పుకి తిరిగింది?"

చలపతిరావు నలభై రెండు గుమ్మాలనూ ఒకసారి చూసుకున్నాడు. ఆయన మొహంలో నిజమైన ఆశ్చర్యం కనిపించింది. "ఏమో. చేతికి అలవాటైపోయింది," అన్నాడు.

శ్యామలాదేవి ఆయన కొలత టేపు లాగి టేబుల్ మీద గుర్రపునాడాలా వంచి పరిచింది. నది ఉత్తరం పక్కగా వచ్చి, తూర్పున తిరిగి, దక్షిణం పక్కగా వెళ్లిపోతుంది. మధ్యలో నాలుకలా మిగిలిన నేల మీద ఊరు. ఇళ్లన్నీ నదిని చూస్తాయి. నది మూడు వైపులా ఉంది కాబట్టి ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క వైపు చూస్తుంది. సరిగ్గా నాలుక కొసన ఉన్న ఇంటికి తూర్పు గుమ్మం దానంతట అదే వస్తుంది, ఈశాన్యాన నీళ్లూ ఉంటాయి.

"అందులో మీ హీరోని పెట్టండి. మిగతావాళ్లని వాళ్ల ఇష్టానికి వదిలేయండి."

చలపతిరావు టేపుని చాలాసేపు చూశాడు. తర్వాత లేచి వెళ్లి రంపం తెచ్చుకున్నాడు.

ఆ రెండు రోజులూ ఇల్లు ఇల్లులా లేదు. ఆయన కోస్తుంటే ఆమె కారణాలు చెప్పేది. కారణం లేనిదే ఒక్క ఇల్లు కూడా కదలనివ్వలేదు. ఫుర్ట్ అంటే నదిని నడిచి దాటే చోటని ఫోన్లో వెతికి తెలుసుకుంది. అయితే ఊరు పుట్టిందే నీళ్లు లోతు లేని ఆ చోటు వల్ల, వంతెన తర్వాత వచ్చింది, వంతెన దాటేవాళ్ల దగ్గర సుంకం వసూలు చేసే గేటు ఆ తర్వాత వచ్చింది అని తేల్చింది. చర్చి పడమటి మిట్టకు ఎక్కింది. తోళ్లు శుద్ధి చేసేవాళ్ల వీధి నది ఊరు దాటే చోటికి దిగిపోయింది, వాసన ఊళ్లోకి రాకుండా. చలి దేశంలో ఎండ అపురూపం కాబట్టి దక్షిణానికి తిరిగిన ఉత్తరపు ఏటవాలు గట్టు ద్రాక్షతోటలకు ఇచ్చేసింది. పచ్చ పీచు అంతా అక్కడికి వరసలు వరసలుగా వెళ్లింది. ఒక వీధిలో ఇళ్లు మిగతావాటికంటే కొత్తగా ఉన్నాయేమిటని కోడలు భావన అడిగితే, పాత వీధి తగలబడిందని శ్యామలాదేవి తడుముకోకుండా చెప్పింది.

"ఎప్పుడత్తయ్యా?"

"నిన్న మధ్యాహ్నం మీ మామయ్య జిగురు ఒలకబోసినప్పుడు. మనం మూడొందల ఏళ్ల క్రితం అనుకుందాం."

చివరగా ఆమె సుంకం గేటు గోడ మీద సన్నటి పెన్నుతో మూడు గీతలు గీయించింది. రిత్విక్ చదువుకున్న ప్రాంతంలో పెద్ద వరదలొచ్చిన సంవత్సరాలు వెతికి పక్కన రాసింది: 1784, 1824, 1993. మల్లమ్మ వచ్చి చూసి, అన్నిటికంటే పాత గీతే అన్నిటికంటే పైన ఉండటం గమనించి, అప్పట్లో వానలు గట్టిగా పడేవని ఒప్పుకుంది.

శనివారం వెంకటరామయ్య వచ్చీ రాగానే ఫోన్లో దిక్సూచి తెరిచి హీరో ఇంటి మీద పెట్టాడు. ఈశాన్యంలో నీళ్లు చూసి తల పంకించాడు. రిత్విక్ ఈసారి చుట్టూ తిరగలేదు. మోకాళ్ల మీద కూర్చుని, వంతెన మీద నుంచి గేటులోకి చూశాడు. అక్కడే ఉండిపోయాడు.

"సర్, ఈ గీతలు..." అన్నాడు నెమ్మదిగా. "నేను రోజూ కాలేజీకి వెళ్లే దారిలో ఉండేవి. నేను మీకు పంపిన ఫొటోల్లో ఇవి లేవు. నేనే మర్చిపోయాను. ఈ ఆలోచన ఎలా వచ్చింది సర్ మీకు?"

చలపతిరావు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. నాలుగేళ్ల తర్వాత ఒక దర్శకుడు ఆయనను ఆ గొంతుతో అడుగుతున్నాడు. అనుభవం అనేసి ఊరుకోవచ్చు. శ్యామలాదేవి గుమ్మంలో కొంగు సరిచేసుకుంటూ, ఆయన అలా అంటే తను ఏమీ అనుకోకూడదని అప్పుడే నిశ్చయించుకుంది.

"ఆ గీతలు మా మల్లమ్మవి," అన్నాడు చలపతిరావు. "ఇక్కడ పనిచేస్తుంది. మిగతా ఊరు మా ఆవిడది. నేను కట్టానంతే."

రిత్విక్ ఆమె వైపు తిరిగి స్మశానం ఎక్కడుందని అడిగాడు. చర్చి వెనక, మిట్ట మీద అంది ఆమె, చచ్చినవాళ్లు కూడా తడవకూడదు కదా. అక్కడ మొదలుపెట్టి ఊరి ఆరువందల ఏళ్ల చరిత్రా చెప్పుకొచ్చింది. ద్రాక్షతోటలు ఎవరివి, సుంకం ఎవరు తిన్నారు, వంతెన ఎన్నిసార్లు కూలింది, ఏ వీధివాళ్లకి ఏ వీధివాళ్లంటే పడదు. ఇరవై ఆరేళ్లలో అంత శ్రద్ధగా విన్న క్లాసు ఆమెకు దొరకలేదు.

"అమ్మగారు ఎప్పుడు వెళ్లొచ్చారు అక్కడికి?" అన్నాడు వెంకటరామయ్య.

"వెళ్లలేదండీ. నేను చూసింది గోదావరి ఒక్కటే."

వెంకటరామయ్య మళ్లీ దిక్సూచి చూసుకుని, సోమవారం మంచిదని, చెరువు దగ్గర ముగ్గు పోయించమని చెప్పాడు. రిత్విక్ వెళ్తూ వెళ్తూ ఇంటి గేటు దగ్గర ఆగి శ్యామలాదేవితో రెండు నిమిషాలు మాట్లాడాడు. ఏం మాట్లాడాడని ఎవరు అడిగినా ఆమె చూద్దాం అనే అంది.

ఆ సాయంత్రం ఊళ్లో దీపాలు వెలిగాయి.

ఆదివారం మధ్యాహ్నం అందరూ ఎప్పటిలాగే కింద కూర్చున్నారు. పని అయిపోయింది కాబట్టి రేపు టేబుల్ ఖాళీ అవుతుందని చలపతిరావు ముందుగానే ప్రకటించాడు. నమూనాని ఎక్కడ పెట్టాలో భావన చోటు చూస్తోంది. తమ ఆఫీసులో ఇదే ఊరిని వారం రోజుల్లో చేసేసేవాళ్లమని నాగసాయి అన్నాడు. అందులో ఎవరు ఏం తిని బతికారో చెప్పమని వాళ్ల నాన్న అడిగేసరికి పప్పు అన్నం కలుపుకోవడంలో పడ్డాడు. మల్లమ్మ వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. శ్యామలాదేవి ఆమెను కూడా ఒకసారి ఇటు రమ్మని పిలిచింది. ఆమె వచ్చి నిలబడ్డాక చలపతిరావు విస్తట్లో పెరుగు వేస్తూ, ఉప్పు చాలిందా అని అడిగే గొంతుతోనే చెప్పింది.

"రేపటి నుంచి నేనూ సెట్టుకి వెళ్తున్నాను. ఊరు పూర్తయ్యేదాకా, నాలుగు నెలలు. నిన్న రిత్విక్ అడిగాడు, ఇందాకే ఫోన్ చేసి ఒప్పుకున్నాను. మధ్యాహ్నం వంట మీరందరూ పంచుకోండి. టేబుల్ మాత్రం ఎవరూ ఖాళీ చేయొద్దు. తోళ్ల వీధిలో ఇంకా రెండిళ్లు జరపాలి."