సేనాపతులకు మార్కులు

“పదికి పది వేయాల్సిందే. బ్రహ్మనాయునికి తక్కువేస్తే నువ్వా పోటీకి పోనే వద్దు,” అని మాధవయ్య నోటి దాకా వచ్చిన ముద్ద ఆపి మరీ మనవరాలి మీద గుడ్లురిమాడు.

“రెండు చాలు నాయనా,” అన్నాడు విజయభాస్కర్ పప్పు కలుపుకుంటూ. “సంధి సంధి అని కూర్చొని, కన్నకొడుకు చచ్చేదాకా కత్తి తీయలే. సేనాపతి చేసే పనేనా అది?”

“నీకేం తెలుసురా! దుకాణం దాటి ఎప్పుడన్నా యుద్ధం చేసినావా?”

“నువ్వు చేసినావా?”

సాయిశ్రీ పకపకా నవ్వింది. నంద్యాలలో ఆమె చదివే కాలేజీలో వక్తృత్వ పోటీ పెట్టారు. పల్నాటి యుద్ధంలో మేటి సేనాపతి ఎవరు, చెత్త సేనాపతి ఎవరు అన్నది విషయం. ఆదివారం, దుకాణం సెలవు. పొద్దున ఆమె ఆ మాట ఎత్తింది మొదలు ఇల్లు రెండుగా చీలింది. చీలడం ఆ ఇంటికి కొత్తేమీ కాదు.

“చెత్తది నాగమ్మే,” అని నానమ్మ మహానందమ్మ తీర్పు చెప్పేసింది. “అన్నదమ్ముల నడుమ ఆడది దూరితే ఏమైతాది? మనింట్లో చూడల్యా, గాయత్రి నాయకురాలిని?”

నెయ్యిగిన్నె పట్టుకుని నిలబడ్డ ఉషశ్రీకి ఆ మాట గుచ్చుకుంది. గాయత్రి ఆమె తోడికోడలు. మరిది శ్రీకాంత్ వేరుపడి ఆళ్లగడ్డలో దుకాణం పెట్టుకున్నప్పటి నుంచీ ఈ ఇంట్లో గాయత్రికి అదే పేరు. వేరుపడతానన్నది శ్రీకాంత్. అనేదాకా తెచ్చింది తన భర్త విజయభాస్కర్. అందరికీ తెలిసిన సంగతే, పేరు మాత్రం గాయత్రికి దక్కింది.

గాయత్రి ఇక్కడ ఉన్నన్నాళ్లూ అందరి భోజనాలయ్యాక ఇద్దరూ వంటింట్లో చేరేవాళ్లు. కబుర్ల మధ్య ఎంత తినేవాళ్లో తెలిసేది కాదు. ఇప్పుడు ఉషశ్రీ ఒక్కతే తింటుంది. ఎంత ఆకలిగా కూర్చున్నా నాలుగు ముద్దలకే చాలనిపిస్తుంది. ఈ ఇంట్లో ఆమెతో అందరూ మాట్లాడతారు, ఉప్పు ఏదని, చొక్కా యాడుందని.

రేపు తెల్లవారుజామున గాయత్రి వాళ్లు కొత్తింట్లో పాలు పొంగిస్తారు. శ్రీకాంత్ వాట్సాప్‌లో కార్డు పంపి ఊరుకున్నాడు. ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవందే అది పిలుపే కాదని ఈ ఇల్లు. పెద్దవాళ్లు ముందు ఒక మాట మాట్లాడందే ఈ గడప తొక్కనని అతను. గాయత్రి మాత్రం ఉషశ్రీకి ఫోన్ చేసింది.

“అక్కా, నీకు గూడా బొట్టు పెట్టి పిలవాల్నా?”

“ఇంట్లో అడిగి చెప్తా.”

“సరేక్కా, అడుగు,” అని గాయత్రి ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేయలేదు. ఉషశ్రీ ఇంట్లో అడగనూ లేదు. రేపు పోకపోతే ఇక ఆ ఫోన్ ఎప్పటికీ మోగదని మాత్రం ఆమెకు తెలుసు.

“ఇంతకీ గెలిచిందెవురు? అది చెప్పు ముందు,” అన్నాడు విజయభాస్కర్.

“ఎవురూ గెలవలే నాన్నా. కారంపూడిలో దాదాపు అందరూ పోయినారు. ఆఖర్న బ్రహ్మనాయుడు నాగమ్మను చంపకుండా వదిలేసినాడంట.”

“చూసినావా, మనసున్నోడు!” అన్నాడు మాధవయ్య.

“ఊరంతా పోయినాంక వచ్చింది మనసు!”

“రెండుపక్కలా చుట్టాలే గదా వాళ్లు?” అంది ఉషశ్రీ. ఆమె గొంతు విని అందరూ తలెత్తారు.

“చుట్టాలే మా. సంధికొచ్చిన అలరాజు, నలగామరాజుకు సొంత అల్లుడు. ఆయప్పకే విషం పెట్టించినారంట.”

“మరి ఆ పక్క ఆడోళ్లు, ఈ పక్క ఆడోళ్లు మళ్లీ ఎప్పుడన్నా మాట్లాడుకున్నారా?”

సాయిశ్రీ ఫోన్‌లో పైకీ కిందికీ వెతికింది. “అది యాడా రాయల్యా మా. సేనాపతుల గురించే ఉండాది.”

“దాన్ని ఎవురడుగుతారు? నెయ్యి ఇటు రానీ,” అంది మహానందమ్మ.

“ముందు తగ్గినోడే చెత్త సేనాపతి. ఇది రాసుకో సాయీ,” అన్నాడు విజయభాస్కర్.

“ఆ మాట నిజం,” అన్నాడు మాధవయ్య. పొద్దున్నుంచీ తండ్రీకొడుకులు ఒప్పుకున్నది ఆ ఒక్కటే. ఎందుకో ఆ తరువాత ఇద్దరూ తలలు వంచుకుని తిన్నారు.

ఉషశ్రీ నెయ్యిగిన్నె అత్త ముందు పెట్టింది. వంటింట్లోకి పోయి ఒక కంచం తెచ్చుకుని కూతురి పక్కన కుర్చీలో కూర్చుంది. అన్నం పెట్టుకుంది.

“సాయంత్రం బస్సుకు నేను ఆళ్లగడ్డ పోతాండా,” అంది.

విజయభాస్కర్ చెయ్యి కంచంలోనే ఆగింది. “ఎవురు పిలిచినారు నిన్ను?” అంది మహానందమ్మ.

“పిలిచినా, పిలవకపోయినా పోతాండా అత్తా. పాలు పొంగేటప్పుడు గాయత్రి పక్కన ఉంటా. ఈ ఇంటోళ్ల మాటలేవీ ఆడికి మోసుకపోను. మంగళవారం వస్తా. అందాకా వంట మీరే చూసుకోండి.”