రెండు గదుల సంబంధం

రోజూ మధ్యాహ్నం రెండున్నరకి, ఆఖరి గిన్నె కడిగి బోర్లించాక, వంటామె వంటింటి గోడకి వీపానించి పది నిమిషాలు కూలబడేది. పన్నెండేళ్లుగా అదే చోటు. ఆమె తల ఆనే దగ్గర గోడ మీద గుండ్రంగా నూనె మరక పడింది. గోడకి అవతల హాలు, హాలుకి అవతల సముద్రం.

ఆ మరక కంటబడినప్పుడల్లా ఇంటావిడ ముక్కు చిట్లించేది. "ఛీ, నీ తల జిడ్డంతా నా గోడకేనా?" అనేది. ఆ జిడ్డు మనిషి వండింది మాత్రం లొట్టలేసుకుంటూ తినేది.

ఇంతలో ఆ ఇంటికి ఒక డిజైనరు దాపురించాడు. టేపు పట్టుకుని నాలుగు మూలలా తిరిగి, "ఈ గోడలన్నీ తీసేద్దాం మేడమ్. హాలు, వంటిల్లు, భోజనాల గది అన్నీ ఒకటే కావాలి. సముద్రాన్ని లోపలికి రానివ్వాలి" అన్నాడు. ఉప్పుగాలికి నెల తిరక్కుండా బూజు పట్టే చోట తెల్లటి సోఫాలు తెప్పించాడు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన పుచ్చు దుంగ ఒకటి తెచ్చి టీ బల్ల అన్నాడు, దాని నాచు కంపు ఇంకా వదలనే లేదు. స్నానాల గదికి గోడ బదులు అద్దం పెట్టాడు. సిగ్గూ శరం ఉన్నవాళ్లు చేసే పనేనా అది? ఇంటావిడ మాత్రం చప్పట్లు కొట్టింది.

"మరి చేపలు వేయిస్తే పొగ ఎటు పోతుంది సార్?" అని వంటామె అడిగింది.

"సముద్రం మీదకి."

"పగలు గాలి సముద్రం మీంచి ఇంట్లోకి కదా వచ్చేది?"

డిజైనరు ఆమెకేసి గరిటె మాట్లాడినట్టు చూసి, మళ్లీ టేపు లాగడం మొదలెట్టాడు.

గోడల్లేని బతుకంటే ఏంటో వంటామెకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆమె ఇల్లంతా కలిపి ఒకటే గది. వంట, పడక, చదువు అన్నీ అందులోనే. అందులోనే మరిది కూడా. నాలుగు రోజులుంటానని వచ్చి మూడేళ్లుగా పాతుకుపోయాడు. చొక్కా విప్పి బొడ్డు గోక్కుంటూ పడుకుంటాడు, పక్కనే డబ్బా పెట్టుకుని అందులో ఖాండ్రించి ఉమ్ముతాడు, చాప మీదే కాలిగోళ్లు తీసి అక్కడే వదిలేస్తాడు. కూతురు బట్టలు మార్చుకోవాలంటే తల్లి దుప్పటి అడ్డం పట్టుకుని నిలబడాలి. సరిగ్గా అప్పుడే ఆ వెధవ ఇటు ఒత్తిగిలుతాడు. పంపించేయమంటే, లారీ తోలుకుంటూ ఊళ్లు తిరిగే మొగుడిది ఫోన్లో ఒకటే మాట, "తమ్ముణ్ణి వీధిలో పడేయమంటావా?"

కూతురికి ఇంకో రెండు నెలల్లో నర్సు పరీక్ష. అలాంటప్పుడు వీధి చివరి కిరాణా కొట్టాయన ఆ పిల్లని చేసుకుంటానని కబురంపాడు. నలభై రెండేళ్లు, పెళ్లాం పోయింది. మాట్లాడుతూ మాట్లాడుతూ పుల్లతో పళ్లు కుట్టుకుని, ఆ పుల్ల వాసన చూసి, వేలు కుర్చీకి రాస్తాడు. వంటామెకి వాడంటేనే అసహ్యం. కూతురు మాత్రం ఒప్పుకుంటానంది.

"నీకేమైనా మతి పోయిందా? చదువు?"

"ఆయనకి రెండు గదులున్నాయమ్మా. మధ్యలో తలుపు కూడా ఉందట," అంది కూతురు, పుస్తకం మూసేస్తూ.

వంటామెకి తల కొట్టేసినట్టయింది. ఆదివారం కొట్టాయన మాట తీసుకోవడానికి వస్తానన్నాడు.

శనివారం ఇంటావిడ ఇంట్లో గోడలు తీశారు. మేస్త్రి చుట్టూ ఉలితో వదులు చెయ్యగానే గోడలు దుమ్ము దులుపుకుని, ఒకదాని వెనక ఒకటి బయటికి నడిచాయి. తీసేసిన గోడలు మామూలుగా సముద్రంలోకే పోతాయి.

"పాలరాయి మీద గీతలు పడతాయి, మెల్లగా నడిపించండి!" అని డిజైనరు అరిచాడు.

ఇంటావిడ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "ఆ మరకతో సహా పోయింది, పీడ విరగడైంది" అంది.

కానీ వంటింటి గోడ సముద్రం వైపు తిరగలేదు. గేటు దాటి, ఇంటికి బయల్దేరిన వంటామె వెనకాలే నడిచింది. బస్సులో గోడకి చోటు లేదన్నాడు కండక్టరు. ఇద్దరూ నడిచారు. దారిలో ఎవరో సైకిలాయన, "కాస్త పక్కకి తప్పుకోమనమ్మా దాన్ని" అని విసుక్కున్నాడు.

గోడ గుమ్మం దగ్గర వంగి, పక్కవాటుగా లోపలికి దూరి, గదికి సరిగ్గా నడిమధ్యన నిలబడింది. నిలబడేటప్పుడు మరిదిని చాపతో, డబ్బాతో సహా వీధి వైపు సగంలోకి నెట్టేసింది. వంటింటి తలుపు గడియతో సహా దానికే ఉంది.

"ఇంత ఇరుకులో నేనెలా పడుకోను వదినా? ఈ డబ్బా కంపు నా ముక్కులోకే కొడుతోంది!" అన్నాడు మరిది.

"నీ డబ్బాయేగా, ఓర్చుకో!" అంది వంటామె.

కూతురు పుస్తకాలతో లోపలికెళ్లి గడియ పెట్టుకుంది. చాలాసేపు కాగితాలు తిప్పుతున్న చప్పుడే వినిపించింది. వంటామె దుప్పటి మడతపెట్టి పెట్టెలో పడేసింది.

ఆదివారం పొద్దున కొట్టాయన వచ్చాడు. కుర్చీలో చేరగిలబడి, పళ్లు కుట్టుకుని, పుల్ల వాసన చూసి, "ఏమ్మా, మరి ఒప్పుకున్నట్టేగా?" అని లోపలికి కేకేశాడు.

తలుపు జానెడు తెరుచుకుంది. కూతురు పేజీలో వేలు పెట్టుకుని నిలబడింది.

"వద్దండీ. మాకూ రెండు గదులున్నాయి."

తలుపు మూసుకుంది. గడియ పడింది.

కొట్టాయన మొహం మాడిపోయింది. గోడని ఎగాదిగా చూశాడు, మరక కనిపించింది. "ఛీ! ఈ జిడ్డు గోడ చూసుకునా ఇంత పొగరు?"

వంటామె గోడకి వీపానించి కూర్చుంది. తల మరక మీద సరిగ్గా ఆనింది.

"అవునండీ," అంది. "ఇక లేవండి, ఆ కుర్చీ కడుక్కోవాలి."