వచ్చేటప్పుడు కాలువ నా వైపు

నేను ఒక హెడ్‌లైటును. పాత కారుకి ఎడమవైపు కన్నుని. నింపాదిగా కథ చెప్పడం నా వల్ల కాదు. వెలగడమో ఆరడమో తప్ప మధ్యలో కుదురుగా ఉండటం నాకు రాదు. అందుకే పుట్టుక సంగతి గబగబా ముగించేస్తాను. ఇనప రేకుని గిన్నెలా వంచి, లోపల వెండిపూత పూసి, ముందు గీతల అద్దం బిగించి, పేరు గుర్తులేని ఏదో షెడ్డులో నన్ను తయారుచేశారు. కుడివైపు లైటు నాకంటే ముందు పెట్టెలోకి ఎక్కింది కనక దాన్ని అన్నయ్య అంటాను.

మా మొదటి యజమాని తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లు షావుకారు. కారు కొన్న సంగతి ఊరందరికీ తెలియాలని పట్టపగలే మమ్మల్ని వెలిగించుకుని తిరిగేవారు. తరవాతి ఆయన సినిమాహాలు మేనేజరు, మహా పొదుపరి. వెన్నెల ఉన్న రోజుల్లో మమ్మల్ని అసలు వెలిగించేవారే కాదు. వెలుతురుతో మనుషులకి ఎప్పుడు అవసరమో వాళ్లకే తెలియదని నాకు అప్పుడే అర్థమైంది.

మూడో ఆయన మండపేట పేర్రాజు గారు, కాలువ లాకుల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. కారు ఇంటికొచ్చిన రోజున వాళ్లమ్మ ఆదెమ్మ గారు బానెట్టు ఎత్తించి, పసుపూ కుంకం తడిపి, కనబడిన ప్రతిదానికీ బొట్టు పెట్టారు. ఇంజనుకి, బ్యాటరీకి, చివరికి నా వెనకున్న చిన్న బోల్టుకి కూడా. "పాపం, దీన్నెవరు పట్టించుకుంటార్రా!" అంటూ దానికి ఇంకాస్త దట్టంగా అద్దారు. నా ఎర్త్ వైరు ఆ బోల్టు కిందే ఉంది. బ్యాటరీ నుంచి నాలోకి వచ్చిన కరెంటు తిరిగి వెళ్లే దారి అదే. ఆ దారి మూసుకుపోతే నేను గుడ్డిదాన్నే.

ఆవిడ పోయాక ప్రతి దసరాకీ పేర్రాజు గారే, తల్లి పెట్టిన చోటే, ఆ బొట్టు మీదే బొట్టు పెడుతూ వచ్చారు. కారు కడిగినా అక్కడ గుడ్డ తగలనిచ్చేవారు కాదు. పసుపు పెచ్చుకట్టింది. దాని కింద తడి చేరి బోల్టు తుప్పుపట్టింది. నేను ఏడాదికేడాది మసకబారుతూ వచ్చాను. అన్నయ్య బోల్టు ఏదో గొట్టం చాటున ఉండి ఆదెమ్మ గారి చేతికి అందలేదు కాబట్టి వాడు మాత్రం దర్జాగా వెలుగుతున్నాడు.

మామూలు రోడ్డైతే నేనూ సర్దుకుపోయేదాన్ని. కానీ శనివారం వస్తే పేర్రాజు గారు భార్య మంగతాయారు గారితో పక్కూరికి భజనకి వెళ్లాలి. ఆయన హార్మోనియం లేకపోతే అక్కడ భజన మొదలవదు. దారంతా కాలువ గట్టు మీదే. వెళ్లేటప్పుడు కాలువ అన్నయ్య వైపు, ఇంకా పొద్దుంటుంది. వచ్చేటప్పుడు కాలువ నా వైపు, చీకటి పడిపోతుంది. గడ్డి ఎక్కడ ఆగిందో, నీళ్లెక్కడ మొదలయ్యాయో నాకే తెలియక మలుపు మలుపుకీ హడలిపోయేదాన్ని. మంగతాయారు గారి సీటూ నా వైపే. ఆవిడ తలుపు పిడి వదిలేవారు కాదు.

"ఏవండీ, కాస్త కుడిపక్కకి పోనివ్వండి. నాకేం కనబడి చావట్లేదు."

"ఈ గట్టు నాకు కొత్తేంటే? కళ్లు మూసుకుని తోలతాను."

"ఇప్పుడు తోలుతున్నది అలాగే కదండీ!"

వానలు మొదలయ్యాయి. గట్టు అక్కడక్కడా జారుతోందని భజనలో ఎవరో అన్నారు. మర్నాడే మంగతాయారు గారు కార్ల కరెంటు పని చేసే గఫూర్‌ని పిలిపించారు. గఫూర్‌కి ధైర్యం ఎక్కువ. చూడగానే బల్బు పోయిందన్నాడు. కొత్త బల్బు వేసినా నేను చమురైపోయిన దీపంలాగే ఉన్నాను. బ్యాటరీ అన్నాడు, అదీ మార్చాడు. ఆఖరికి నా వైపు వేలు చూపించి, "లైటే పాడైపోయిందండి. పీకేసి కొత్తది బిగించేద్దాం" అన్నాడు. నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. మరి అన్నయ్య ఎలా వెలుగుతున్నాడని ఒక్కరైనా అడగరే!

నన్ను విప్పుతుండగా అతని చేతిలోని వైరు ముక్క ఒక కొస నా రేకుకీ, రెండో కొస బ్యాటరీ ఎర్త్‌కీ తగిలింది. అంతే, ఎదురుగా ఉన్న ప్రహరీ గోడ తెల్లబడేలా భగ్గుమన్నాను. తీసేయగానే మళ్లీ మసక.

"అదిగో, వెలిగిందే!" అని అరిచారు మంగతాయారు గారు.

గఫూర్ బానెట్టులోకి దూరి బోల్టు కనిపెట్టాడు. "ఎర్త్ అందట్లేదండి. ఇది గీకాలండి," అన్నాడు కానీ చెయ్యి పెట్టలేదు. "బొట్టుంది కదమ్మా. నేనెలా తుడుస్తాను?"

పేర్రాజు గారి మొహం ఎర్రబడింది. "ఎవరూ తుడవడానికి వీల్లేదు. అది మా అమ్మ చేత్తో పెట్టిన బొట్టు. లైటు మార్చెయ్, అంతే."

బొట్టు తుడవడమంటే మంగతాయారు గారికి మాత్రం భయం కాదా? అయినా గఫూర్ చేతిలోంచి ఉప్పుకాగితం లాక్కున్నారు.

"అత్తయ్యగారు ఈ బొట్టు పెట్టింది మీరు క్షేమంగా ఇంటికి రావాలనేనండీ. మిమ్మల్ని కాలవలో తొయ్యడానిక్కాదు."

ఆవిడే వంగి బోల్టు గీకారు. రాలిన పసుపుని ఒక్క రేణువు కింద పడనివ్వకుండా కొంగులో పట్టి, చిటికెడు తీసి తన సూత్రాలకి అద్దుకున్నారు. పేర్రాజు గారు మొహం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నారు. పెచ్చు కింద ఇనుము మెరిసింది. నాలో ప్రాణం లేచొచ్చింది.

ఆ శనివారం తిరిగొస్తుంటే లాకులు దాటిన మలుపులో నా వెలుతురు గడ్డి మీద పరుగెత్తి ఠక్కున తెగిపోయింది. అక్కడ గట్టు లేదు. కాలువ కోసేసింది. సగం రోడ్డు నీళ్లలో ఉంది. పేర్రాజు గారు బ్రేకు మీద లేచి నిలబడినంత పని చేశారు. కారు ఆగింది. మంగతాయారు గారి తలుపు కింద మట్టి పెళ్లలు నీళ్లలోకి జారుతున్న చప్పుడు ముగ్గురం విన్నాం.

ఆయన చాలాసేపు స్టీరింగు వదల్లేదు. "ఇటుపక్క దిగు, మంగా," అన్నారు చివరికి. ఆయన గొంతు అంత చిన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు.

మొన్న దసరాకి ఆయన పసుపు తడిపి బానెట్టు ఎత్తారు. తడి వేలు బోల్టు దాకా వచ్చి ఆగింది. ఇంకో చేత్తో కండువా కొస తీసి బోల్టుని శుభ్రంగా తుడిచారు. బొట్టు తెచ్చి, అద్దానికి తగలకుండా, నా నుదుటి రేకు మీద పెట్టారు. "ఇక్కడుండమ్మా," అన్నారు. నాతో అన్నారో, వాళ్లమ్మతో అన్నారో తెలియదు.

నన్నిప్పుడు పీకేస్తానని ఎవరూ అనట్లేదు. అయినా శనివారం వస్తే నాకు నిలకడ ఉండదు. వచ్చేటప్పుడు కాలువ ఇప్పటికీ నా వైపే.