చంద్రన్ ఇచ్చిన తొమ్మిది మార్కులు

ఇరవై రెండేళ్లుగా మేం ముగ్గురం, నేనూ చంద్రనూ వరదరాజులూ, ఒకే పాట వింటున్నాం. చెబితే నవ్వుతారు గానీ నిజం. అది ఎప్పుడో అమెరికా చర్చిల్లో పుట్టిన భక్తిపాట. 'ఇంకొకసారి పిలువు ప్రభూ' అని దాని పల్లవికి అర్థం. ఎన్నో రాక్ బృందాలు దాన్ని ఎన్నో రకాలుగా పాడాయి. మేమేమో పెళ్లిళ్లకు తప్ప చర్చి గడప తొక్కని వాళ్లం. అయినా ఎవరు కొత్తగా పాడినా వెతికి పట్టుకుని, ఆదివారం సాయంత్రం లాస్‌పేటలో వరదరాజులు మిద్దె మీద చేరి, విని, పాతవాటితో పోల్చి, పోట్లాడుకుని, చివరికి తలా ఒక చీటీ మీద పదికి ఎన్ని మార్కులో రాస్తాం. పదికి పది మాత్రం దేనికీ ఇవ్వకూడదు. అది నేను పెట్టిన నియమం. ఇంతకంటే మంచిది రేపు రావచ్చు కదా.

మాలో మంచి చెవి చంద్రన్‌ది. వాడు తేంగాయితిట్టు హార్బర్‌లో చేపల పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. గిటారు తీగ రవ్వంత సడలినా పట్టేసేవాడు. నేను ఆఫీసు గుమాస్తాని, నాకు చెవి కంటే నోరు ఎక్కువ. వాడు ఎన్ని మార్కులు ఇచ్చినా కాదనడం నా అలవాటు.

జూన్‌లో ఒక ఆదివారం కొత్త పాట పెట్టాను. ఒక రాక్ గాయని తన బృందాన్నంతా పక్కన పెట్టి, పియానో ఒక్కటే పెట్టుకుని పాడింది. గిటారు లేదు, డ్రమ్ము లేదు. అంతా అయ్యాక చంద్రన్ తల ఊపి, "డ్రమ్ము బాగా కుదిరిండాది" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. వీడు పాట వినడమే మానేశాడు, ఏ ఇంజన్ గురించో ఆలోచిస్తూ నోటికొచ్చిన మార్కులు వేసి పోతున్నాడు అనుకున్నాను. ఆ సాయంత్రమే మిద్దె మీదుగా విమానం పోయింది. ఆ మోతకు నేనూ వరదరాజులూ మాట ఆపాం. చంద్రన్ మాత్రం మామూలుగా చెప్పుకుంటూ పోయాడు. అప్పుడైనా నా బుర్రకు తట్టాల్సింది. కోపం మీద ఉన్నాను, తట్టలేదు.

వాడి బండారం బయటపెట్టాలని తరువాతి వారం ఒక పని చేశాను. ఆ పనికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఇలాంటి పాట ఇంతవరకూ రాలేదని ఊరించి, ఫోన్‌లో శబ్దం పూర్తిగా తగ్గించి పాట నొక్కాను. వరదరాజులుకు ముందే చెప్పి ఉంచాను. స్పీకర్ మీద నీలం దీపం వెలుగుతూ ఉంది. నాలుగు నిమిషాలు మిద్దె మీద కాకుల అరుపు తప్ప ఏమీ లేదు. చంద్రన్ మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, కాలితో తాళం వేస్తూ నా వైపే చూస్తున్నాడు. నేను ఊపిరి బిగబట్టి వాడినే చూస్తున్నాను. దీపం ఆరగానే చీటీ రాసి ఇచ్చాడు. తొమ్మిది. ఎనిమిది దాటి ఎన్నడూ ఇవ్వని మనిషి.

"పాటే పెట్టలేదురా" అన్నాను.

వాడు నా పెదాల వైపు చూశాడు. మళ్లీ అన్నాను, గట్టిగా. వరదరాజులు నవ్వబోయి ఆగిపోయాడు. చంద్రన్ మొహం వాడిపోయింది. చీటీ నా చేతిలోంచి తీసుకుని జేబులో పెట్టుకుని, చెప్పులేసుకుని మెట్లు దిగాడు. వెనకనుంచి పేరు పెట్టి పిలిచాను. మూడుసార్లు పిలిచాను. వాడు అలిగి వెనక్కి తిరగడం లేదా, వినబడక తిరగడం లేదా అన్న అనుమానం నాకు అప్పుడు వచ్చింది.

ఆ పై ఆదివారం వాడు రాలేదు. వాడి భార్య లోగనాయకికి ఫోన్ చేశాను.

"మూడేండ్లు అయిండాది అన్నా" అందామె. "ఇంజన్ మోతకు చెవులు పోయినాయని కదిర్కామం ఆస్పత్రిలో డాక్టరు చెప్పినాడు. మిషన్ ఇచ్చినారు. అది పెట్టుకుంటే మాట కొంచెం తెలస్తాదంట. పాట మాత్రం రేకు గీకినట్ట ఉంటాదంట. మీకు చెప్పొద్దన్నాడు. చెప్తే ఇంక ఆదివారం పిలవరని భయం."

మరుసటి రోజు పొద్దున్నే ఆఫీసుకు సెలవు పెట్టి హార్బర్‌కు పోయాను. చేపల వేలం ముగిసింది. చంద్రన్ ఒక పడవలో ఇంజన్ మూత తెరిచి కూర్చుని ఉన్నాడు. నా మొహం కనబడేలా ఎదురుగా వెళ్లి కూర్చున్నాను.

"తప్పు చేసినానురా" అన్నాను.

వాడు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "పాట వినబడకుంటే ఏమిరా, మీ మొహాలు కనబడతాయి కదా. నీ మొహం చూసే మార్కులేస్తా ఉంటిని. పాట బాగుంటే నీకు కండ్లలో తెలిసిపోతాది."

"మరి ఆ తొమ్మిది?"

"ఆ పొద్దు నీ మొహం అట్ట ఉన్నింది. ఇరవై రెండేండ్లలో ఏ పాటకూ నువ్వు అంత ఆత్రంగా చూడలా. ఇదేదో గొప్ప పాట, నాకు లేకపోయెనే అనుకున్నా."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. కానీ తల దించితే వాడికి నా మాట తెలియదు. అందుకని ఎత్తే ఉంచాను.

"అంతకు ముందు తూరి ఆయమ్మ పాడిందే, అది ఎట్ట ఉండాది? చెప్పు" అన్నాడు.

"పియానో ఒకటే. డ్రమ్ము లేదు."

"లేదా? నేను బాగా కుదిరిండాది అంటినే" అని కొంచెం నవ్వాడు.

మెల్లగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పసాగాను. ఆమె ఎక్కడ ఆగింది, ఎక్కడ గొంతు తగ్గించింది, అన్నీ చెప్పి పల్లవి దగ్గరికి వచ్చాను. ఇన్నేళ్లూ ఆ చోట గిటారు ఎంత పైకి పోతుందో కొలిచామే గానీ, మాట ఏమిటో పట్టించుకోలేదు. 'ఇంకొకసారి పిలువు ప్రభూ, మొదటి పిలుపు నాకు వినబడలేదు.' సగం నుంచి పెదాలు మాత్రం కదిపాను. వాడికి అది చాలు.

చంద్రన్ నా మొహం వైపు చాలాసేపు చూశాడు.

"పది" అన్నాడు.

నేను కాదనలేదు.