ట్రామ్ పట్టాల దగ్గర

టూర్‌కి బయల్దేరేముందు గైడ్ సీట్స్కే అందరిచేతా సైకిళ్ల షాపు పెరట్లో ఒక చుట్టు సైకిల్ తొక్కిస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్ చూపించే సైకిల్ గైడ్లందరూ చేసే పనే అది. పోర్చుగల్ నుంచి వచ్చిన ఒదేత్ ఆ ఒక్క చుట్టులోనే పదేపదే కాలు నేలకి ఆనించింది. హ్యాండిల్ పట్టుకున్న వేళ్లు తెల్లబారాయి.

"అలవాటేనా అమ్మా మీకు?" అని అడిగింది సీట్స్కే.

"ఎందుకు లేదు? నేనే నేర్పాను. కొత్తచోటు కదా, బెరుకు, అంతే," అన్నాడు ఆమె భర్త ఫిర్మీనో. ఒదేత్ అతనివైపు చూసి తలూపింది.

సీట్స్కేకి నమ్మకం కలగలేదు. కానీ మిగతావాళ్లు అప్పటికే గేటు దాటుతున్నారు. ఒదేత్‌ని తన వెనకే ఉంచుకుని బయల్దేరింది.

కాలువల వెంట బాగానే సాగింది. పెద్ద వీధిలో ట్రామ్ పట్టాలు వచ్చాయి. "ఏటవాలుగా పోవద్దు, పట్టాలకి అడ్డంగా, తిన్నగా దాటండి," అని సీట్స్కే అరిచి చెప్పింది. వెనక దబ్బుమన్న చప్పుడు. ఒదేత్ ముందుచక్రం పట్టా సందులో ఇరుక్కుంది. ట్రామ్ గంట కొడుతూ, కీచుమంటూ వచ్చి, పడి ఉన్న సైకిల్‌కి జానెడు దూరంలో ఆగింది.

"చూసుకుని తొక్కాలని తెలీదూ?" అన్నాడు ఫిర్మీనో.

ఒదేత్ రోడ్డుమీదే కూర్చుని, వాచిపోతున్న మణికట్టు పట్టుకుంది. "నాకు సైకిల్ రాదు," అంది నెమ్మదిగా. "నువ్వు నేర్పలేదు. తిట్టావు. నేర్పానని అందరికీ చెప్పుకున్నావు."

సీట్స్కే ఫోన్ చేసి, మిగతావాళ్ల కోసం ఇంకో గైడ్‌ని, ఆస్పత్రికి వెళ్లడానికి టాక్సీని పిలిపించింది. ఫిర్మీనో టాక్సీ ఎక్కబోతే ఒదేత్ తలుపు వేసేసింది. "నువ్వు ఊరు చూసి రా."

ఆస్పత్రిలో కట్టు కట్టేదాకా సీట్స్కే పక్కనే కూర్చుంది.

"పెరట్లోనే కనిపెట్టాను. ఆపేయాల్సింది," అంది.

"ఆపితే ముందు నీతో గొడవపడేవాడు. తర్వాత గదిలో నాతో. పోనీలే అమ్మాయీ."

ఆ మాటతో సీట్స్కే గుండె తేలిక కాలేదు, ఇంకా బరువెక్కింది.

కాసేపటికి ఫిర్మీనో వచ్చాడు. భార్యకి ఎడంగా కూర్చుని, "నొప్పి ఎక్కువగా ఉందటా?" అని సీట్స్కేని అడిగాడు.

"ఆవిడనే అడగండి."

అతను అడగలేదు. ఒదేత్ కిటికీ వైపు తిరిగింది.

మర్నాడు పెరట్లో చుట్టు తొక్కుతూ సైకిల్ మీద తూలిపోతున్న ఒకాయన్ని సీట్స్కే దింపేసింది. ఆయన అందరి ముందూ కేకలేశాడు. ఆమె ఆ సైకిల్‌ని లోపల పెట్టి తాళం వేసి, మిగతావాళ్లతో బయల్దేరింది. పెద్ద వీధి రాగానే అందర్నీ దింపి, సైకిళ్లు చేత్తో తోసుకుంటూ పట్టాలు దాటమంది.