పన్నెండు కోట్ల నల్లరాయి

ధనశేఖర్ ఇంట్లో ఒక ఫ్యాను ఉండాది. ఒకటి మీద పెడితే తిరగదు, రెండు మీద పెడితే కాగితాలన్నీ ఎగరగొడతాది. ఒకటిన్నర అనేది కంపెనీవాళ్ళు పెట్టలేదు. అందుకని పన్నెండు కోట్ల లెక్కని ఆ మనిషి ఫ్యాను ఆపేసి, బనీను తడిసిపోతా ఉంటే వేసినాడు.

ఆయన కరెంటాఫీసులో గుమాస్తా. పూతలపట్టు దగ్గర ఎకరన్నర మామిడితోట ఉండాది. నీళ్ళ పైపుకని కాలవ తవ్విస్తా ఉంటే నల్లరాయి బయటపడింది. గ్రానైటు. పొడవు ముప్పై మీటర్లు, వెడల్పు పది. లోతు తెలీదు కాబట్టి అదీ పదే అని రాసుకున్నాడు, గుణించేదానికి సులువని. మూడువేల ఘనపు మీటర్లు, ఒక్కోటి నలభైవేలు.

ఆ రోజునుంచి మనిషికి కాలు ఒకచోట నిలవలేదు. అన్నం మధ్యలో లేచిపోయి కార్ల ధరలు చూస్తాడు. అప్పు అడుగుతారని బంధువుల ఫోన్లు ఎత్తేది మానేసినాడు. ఇన్నాళ్ళూ అప్పులడిగింది ఆయనే కాబట్టి వాళ్ళు హాయిగా ఉండారు. రాయి ఎవరి కంటా పడకూడదని మామిడి కొమ్మలు నరికి కప్పినాడు. కొమ్మలు ఎండిపోయి, పచ్చటి తోటలో అదొక్కటే రోడ్డు మీదికి కనిపించేది.

ఆదివారం పొద్దున మునిరామయ్యని తోటకి పిలుచుకోని పోయినాడు. క్వారీల్లో ముప్పై ఏళ్ళు మేస్త్రీగా చేసిన పెద్దాయన. ధనశేఖర్ భార్య లోకేశ్వరి కూడా వచ్చింది, టిఫిను క్యారియరుతో.

ధనశేఖర్ రాయి మీద బిందెడు నీళ్ళు పోసినాడు. అద్దంలాగా మెరిసింది.

“సూడన్నా, ఏం నలుపో,” అని ఫోటో తీసినాడు. అట్లాంటి ఫోటోలు ఫోన్లో రెండొందలు ఉండాయి.

“తడిపితే నా బండి టైరు కూడా మెరస్తాదప్పా. ఆరనీ,” అని మునిరామయ్య బీడీ ముట్టించినాడు.

రాయి ఆరింది. దాని మీద సన్నటి గీతలు మాత్రం ఆరలేదు. వెంట్రుక మందాన, అడ్డంగా, నిలువుగా, తడిగా అట్లే ఉండిపోయినాయి.

“ఇవన్నీ పగుళ్ళు. నీళ్ళు లోపలికి పోయి దాక్కున్నాయి. కోసేటప్పుడు ఈ గీతకాడే విరిగిపోతాది. నూరు పాళ్ళు తవ్వితే అమ్ముడుపోయే దిమ్మెలు పదిపాళ్ళు వస్తే గొప్ప.”

“మిగతా తొంభై?”

“గుట్ట పోసుకునేదే.”

“యాడ పోస్తారు?” అనింది లోకేశ్వరి.

ముగ్గురూ నాలుగువైపులా చూసినారు. మామిడిచెట్లు తప్ప ఇంకేం లేదు.

బీడీ అయిపోయే లోపల పన్నెండు కోట్లు కోటీ ఇరవై లక్షలయినాయి. డీజిలు, మిషన్లు, క్రేను, కూలి, ప్రభుత్వానికి కట్టేది పోతే పదిహేను లక్షలు మిగలొచ్చు. అదీ లోతు నిజంగా పది మీటర్లుంటే.

“పగుళ్ళు పైపైనేనేమో అన్నా? కింద బాగుండొచ్చు గదా?”

“ఉండొచ్చు. నాలుగుచోట్ల డ్రిల్లు దింపి చూస్తే తెలస్తాది. మూడున్నర లక్షలవుతాది.”

సరిగ్గా మూడున్నర లక్షలు ఇంట్లో ఉండాది. ఏడేళ్ళు జాకెట్లు కుట్టి లోకేశ్వరి కూడబెట్టిన డబ్బు. చిత్తూరు బజార్లో కుట్టుషాపుకి అడ్వాన్సు. సోమవారం పది గంటలకి ఇస్తానని షాపు ఓనరుకి మాటిచ్చి, శనివారమే బ్యాంకులోంచి తెచ్చి పెట్టుకునింది.

తిరిగొచ్చేటప్పుడు బండి మీద ఆమె తన లెక్క చెప్పింది. రోజుకి ఎనిమిది జాకెట్లు. బాడుగ, కరెంటు, దారం పోను నెలకి పద్దెనిమిదివేలు. విరిగిపోయే సూదుల్ని కూడా లెక్కలో వేసింది. ధనశేఖర్ ఎంత వెతికినా దాంట్లో తప్పు దొరకలేదు. ఆయనకి నచ్చంది అదే.

“అయితే నన్నేం చేయమంటావే?”

“నా షాపు మీరు చూసినారు. మీ రాయి లోపల నేను చూళ్ళేదు. మీ ఇష్టం,” అని, ఇంటికి రాగానే బీరువా తాళం ఆయన చేతిలో పెట్టేసి హుక్కులు కుట్టుకుంటా కూర్చునింది.

అప్పటినుంచి ధనశేఖర్ ఆ తాళం జేబులో వేసుకోని వసారాకీ వంటింటికీ మధ్య తిరగతా ఉండాడు. డ్రిల్లాయనకి ఫోన్ చేసి రేపు తొమ్మిదిన్నరకి రమ్మన్నాడు. మళ్ళా చేసి వద్దన్నాడు. మూడోసారి చేస్తే ఆయన ఎత్తలేదు.

అయ్యల్లారా, అమ్మల్లారా, ఆ మనిషి తరపున మీకు దండం పెడతాను. మీలో రాయి తవ్వినోళ్ళు ఉంటే చెప్పండి. జాకెట్లు కుట్టినోళ్ళున్నా చెప్పండి. పెళ్ళాం “మీ ఇష్టం” అనిందంటే దానికి అర్థం ఏమో తెలిసినోళ్ళుంటే ముందుగా వాళ్ళు చెప్పండి. ఏదైనా సోమవారం పది గంటల్లోపల చెప్పండి.