పాత కారు, రాగి గొట్టం

రామకిషన్ కారులో పెట్రోలు తగ్గిపోతోంది. బండి గోదాము దాటకపోయినా తగ్గిపోతోంది. నెల రోజులుగా ఇదే వరస.

రాజురాలో కిరసనాయిలు టోకు వ్యాపారం ఆయనది. హైదరాబాదు సర్కారు అధికారి ఒకాయన ఊరు వదిలి వెళ్తూ అమ్మిన పాత కారును ముచ్చటపడి కొన్నాడు. పీపాల గోదాములోనే ఓ పక్కన పెట్టుకున్నాడు. రోజూ సాయంత్రం ట్యాంకులోకి వెదురు పుల్ల దించి, తడిసినంత మేరకు చాకుతో గాటు పెట్టేవాడు. పొద్దున మళ్ళీ దించితే తడి గాటు దాకా వచ్చేది కాదు.

తీస్తున్నదెవరో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. తమ్ముడు ప్రహ్లాదే. రాజురాను ఆదిలాబాద్ జిల్లా నుంచి తెంపి బొంబాయి రాష్ట్రంలో కలిపినప్పటి నుంచి ప్రహ్లాద్ భార్య కమలాక్షి వాళ్ళ నాన్న కబురు మీద కబురు పంపుతున్నాడు, ఆదిలాబాద్ వచ్చెయ్, కొట్టు పెట్టిస్తానని. రానని చెప్పేశానంటాడు ప్రహ్లాద్. చెప్పాడో లేదో ఎవరు చూడొచ్చారు? లోలోపల ప్రయాణానికి సిద్ధమై, దారికి పెట్రోలు కూడబెట్టుకుంటున్నాడని రామకిషన్ నమ్మకం.

పెట్రోలు పోతే పోయింది. అమ్మానాన్నలు పోయాక చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు పోతాడేమోనన్నదే ఆయన అసలు భయం. పోవద్దురా అని ఒక్క మాట అంటే సరిపోయేది. అది నోటికి రాక గోదాము తాళాలు మార్చాడు, ఒకటి కాదు మూడు. తమ్ముడు మారుతాళం చెవి చేయించుకున్నాడేమోనని, దుకాణం కట్టేసే వేళ గోదాము గడప లోపల జొన్నపిండి పలచగా చల్లాడు, అడుగులు పడతాయని. తెల్లారి చూస్తే ఎలుకల కాళ్ళు తప్ప ఏమీ లేవు. "దాటి దూకిండన్నట్టు" అనుకున్నాడు. మనిషిని దొంగ అనుకున్నాక వాడికి రెక్కలు కూడా మనమే తగిలిస్తాం.

ఒక ఆదివారం పొద్దున్నే ప్రహ్లాద్ చేతిలో చుట్ట చుట్టిన గొట్టంతో వచ్చాడు.

"అన్నా, బండి పెట్రోలు గొట్టం తుప్పు వట్టినట్టుంది. చాందాకెళ్ళి రాగి గొట్టం తెచ్చిన. ఇయ్యాల మారుస్త."

"నిన్నెవలు తెమ్మన్నరు?"

"ఎవలనలే. నువ్వు సుత పక్కన కూసో. నీ కండ్ల ముంగటనే జేస్త."

వీడికింత ఉబలాటం ఎందుకో! రామకిషన్ పీట వేసుకుని, కళ్ళలో వత్తులేసుకుని కూర్చున్నాడు. ప్రహ్లాద్ బండిని వాకిట్లోకి తోసి, మిగిలిన పెట్రోలు డబ్బాలోకి దించుతుంటే ఆ డబ్బాను కాలితో తన వైపు జరుపుకున్నాడు కూడా.

ప్రహ్లాద్ పనిలో దిగాడు. పాత ఇనుప గొట్టం ఊడదీసి పక్కన పరిచాడు. రాగి గొట్టంలో సన్నటి ఇసుక కూరి, రెండు చివరలా పుల్లలు బిగించాడు. ఇసుక లేకపోతే వంచిన చోట నొక్కుకుపోతుంది. రోకలికి ఆనించి, పాతది ఎక్కడ వంగితే అక్కడే కొత్తదాన్నీ వంచాడు. ఇసుకంతా దులిపి, నోటితో ఊది, వెలుతురుకు పెట్టి చూశాడు. తర్వాత పాత గొట్టం ఒక చివర బొటనవేలితో మూసి, బకెట్టు నీళ్ళలో ముంచి, రెండో చివర నుంచి ఊదాడు.

"గిటు సూడన్నా."

ఇనుప పట్టీ కింద దాగిన చోట నుంచి బుడగలు లేచాయి. ఒక చోట కాదు, మూడు చోట్ల. ట్యాంకు ఎత్తున ఉంది, ఇంజను దాని దిగువన. మధ్యలో పెట్రోలు ఆపే చావి ఎప్పుడో అరిగిపోయింది. బండి నిలబడి ఉన్నా చుక్క చుక్కా కారుతూనే ఉంటుంది. గోదాము మట్టినేల కిరసనాయిలుతో ఏళ్ళ కిందే నల్లబడింది, కొత్త తడి కనిపించలేదు. ఇక వాసనంటారా, ఇరవై ఏళ్ళు కిరసనాయిలు పీల్చిన ముక్కుకు పెట్రోలు ఓ లెక్కా?

రామకిషన్‌కు తల కొట్టేసినట్టయింది. ఆ సిగ్గు వెనకే ఎక్కడలేని సంతోషమూ వచ్చింది. దొంగ లేడు. ప్రయాణమూ లేదు.

"తమ్మీ, నేను ఊకెనే..." అని నీళ్ళు నమిలాడు.

ప్రహ్లాద్ కొత్త గొట్టం బిగించి, పెట్రోలు పోసి, బిగింపుల మీద వేలు పెట్టి చూశాడు. పొడిగా ఉంది. బండి ఒక్క తిప్పుడుకే అందుకుంది.

"పా! అందరం బల్లార్షా దాక పోయొద్దాం. మీ వదినకు జెప్త," రామకిషన్ పీట మీద నుంచి లేచాడు.

"అన్నా, గోదాం ఊడ్వవోతే పిండి గనవడ్డదని కమలాక్షి జెప్పింది. పదిహేను దినాలాయె. మా మామకు రానని ముందుగల్ల రాసింది నిజమే. నా అడుగుల కొరకే పిండి జల్లినవని ఎరుకైన దినం, వస్తున్న అని రాసిన."

"మరి గిన్ని దినాలు ఎందుకాగినవు?"

"దొంగ పేరుతోని పోతే మల్ల నీ గడప తొక్కనీకి మొఖముండదు. అది తీసేస్కుని పోదామని ఆగిన. బేస్తవారం బయలెల్లుతం."

ప్రహ్లాద్ చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు. పోవద్దురా అని రామకిషన్ నోటి దాకా వచ్చింది. నెల రోజులు అనకుండా దాచుకున్న మాట అది. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అనాలో ఆయనకు తెలియలేదు.